రెడ్ హెర్రింగ్ అంటే ఏంటి? మాట మార్చడానికీ ఎర్ర చేపకీ సంబంధం ఎలా వచ్చింది?

రెండు నెలల కింద ఇదే సెక్షన్‌లో ఐపీఓల గురించి ఒక వివరణ రాశాను. కొత్తగా డీమ్యాట్ అకౌంట్ తెరిచినవాళ్లు చాలామంది చదివారు. అందులో 'రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్' అనే మాట వచ్చింది. ఈ వింత పేరు ఎందుకు వచ్చిందో చెబితే చదివేవాళ్లకు బాగుంటుంది కదా అని మధ్యలో నాలుగు లైన్ల కథ కూడా చేర్చాను. పూర్వం ఇంగ్లండులో దొంగలు పారిపోతూ, వెనక పడే వేటకుక్కలకు తమ వాసన అందకుండా దారిలో ఘాటైన ఎండుచేపను ఈడ్చేవాళ్లని, అందుకే దృష్టి మళ్లించే విషయాన్ని 'రెడ్ హెర్రింగ్' అంటారని రాశాను.

వార్త వచ్చిన మర్నాడే ఫోన్. మా ఏరియాలోనే ఉంటారు ఆయన. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. సలాం అయ్యాక సూటిగా అడిగారు: "బేటా, ఆ కుక్కల కథ ఎక్కడ చదివావ్?"

"చాలాచోట్ల ఉంది సార్. అందరూ అదే రాశారు."

"సబ్ లిఖే తో సచ్ హో జాతా క్యా?" అన్నారు. అందరూ రాసినంత మాత్రాన నిజమైపోతుందా అని. ఒక్క నిమిషం నాకు జవాబు దొరకలేదు. రిపోర్టర్‌గా రోజూ నేను వేరేవాళ్లను అడిగే ప్రశ్న అది.

ఆ తర్వాత కూర్చుని చదివాను. ఆయన అడిగింది కరెక్టే. కుక్కల కథ నేను రాసిన రూపంలో నిలబడదు. అందుకే ఈ వివరణ. పనిలో పనిగా ఆ మాటకు అర్థం ఏంటి, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు, షేర్ మార్కెట్లోకి ఎలా వచ్చింది అన్నవి కూడా చెప్తాను.

ముందు అర్థం

అసలు విషయం ఒకటి నడుస్తుండగా, దానికి సంబంధం లేని ఇంకో విషయాన్ని మధ్యలోకి తెచ్చి, వినేవాళ్ల దృష్టిని అటు లాగేయడం. అలా లాగడానికి వాడిన ఆ రెండో విషయాన్నే ఇంగ్లీషులో రెడ్ హెర్రింగ్ అంటారు. మన తెలుగులో 'పక్కదోవ పట్టించడం', 'మాట దాటేయడం' అంటాం. కానీ మన మాటలు ఆ పనిని చెప్తాయి. ఇంగ్లీషు మాట ఆ పనికి వాడిన ఎరను చెప్తుంది. తేడా అక్కడే.

తెలుగు సామెత ఒకటుంది కదా, తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట. తాటిచెట్టు మీద గడ్డి ఉండదు కాబట్టి అక్కడే దొరికిపోతాడు. అది పచ్చి అబద్ధం. రెడ్ హెర్రింగ్ అంతకంటే కొంచెం తెలివైంది. దానికి దగ్గరగా ఉండేది ఉర్దూలో అందరికీ తెలిసిన మాట: సవాల్ గందుమ్, జవాబ్ చనా. అడిగింది గోధుమల గురించి, చెప్పింది శనగల గురించి. శనగల గురించి చెప్పిన ప్రతి మాటా నిజమే కావచ్చు. ధర నిజం, నాణ్యత నిజం, దొరికే చోటు నిజం. గోధుమలు ఏమయ్యాయో మాత్రం చెప్పలేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. రెడ్ హెర్రింగ్ అంటే అబద్ధం అనుకుంటారు. అబద్ధమే కావాలని లేదు. నిజమైతేనే అది ఇంకా బాగా పనిచేస్తుంది. అబద్ధాన్ని నిలదీసి పట్టుకోవచ్చు. నిజాన్ని 'ఇది నిజం కాదు' అనలేం, దాంతో దాని వెంటే వెళ్లిపోతాం.

ఈమధ్య ఒక కాలనీ మీటింగుకు వెళ్లాను. కవరేజీకి కాదు, మా బంధువుల ఇల్లు అక్కడ ఉంది, ఊరికే వెళ్లాను. బోరు మోటార్ రిపేరుకు అని ఇంటింటికీ వసూలు చేసిన డబ్బుకు లెక్క ఎక్కడ అని ఒకాయన అడిగారు. లెక్క చూడాల్సిన పెద్దమనిషి జవాబు: "మీరు పోయిన మూడు నెలల మెయింటెనెన్సే కట్టలేదు, మీరు లెక్కలు అడుగుతారా?" అంతే. తర్వాత అరగంట ఎవరెవరు మెయింటెనెన్స్ కట్టలేదు, ఎవరి కారు ఎవరి గేటుకు అడ్డం పెడుతున్నారు, పైపోర్షన్ వాళ్ల నీళ్ల ట్యాంకు ఎందుకు పొంగుతోంది, వీటి మీదే నడిచింది. ఆయన మెయింటెనెన్స్ కట్టని మాట నిజమే. ఆయనే ఒప్పుకున్నారు. కానీ ఆయన కట్టకపోతే మోటార్ లెక్క మారుతుందా? మారదు. చాయ్ వచ్చింది, మీటింగ్ అయిపోయింది. లెక్క రాలేదు.

ఇక చేప సంగతి

సముద్రంలో ఎక్కడ వల వేసినా రెడ్ హెర్రింగ్ అనే చేప పడదు. హెర్రింగ్ అనేది ఉత్తర అట్లాంటిక్‌లో, ఇంగ్లండ్ తూర్పున ఉన్న నార్త్ సీలో గుంపులు గుంపులుగా తిరిగే చిన్న చేప. రంగు వెండిలా ఉంటుంది. మన గోదావరి పులస, విశాఖ వైపు దొరికే కవళ్లు దానికి చుట్టాలే. ఆ చేపలాగే ఇదీ నూనె ఎక్కువున్న చేప. నూనె చేప తొందరగా పాడవుతుంది. ఐస్ లేని రోజుల్లో ఏం చేస్తారు? బాగా ఉప్పులో ఊరబెట్టి, తర్వాత రోజుల తరబడి పొగబెట్టేవారు. అలా పొగలో ఉండి ఉండి చేప ఎరుపు కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే ఆ పేరు. ఇంగ్లీషు హోటళ్లలో ఉదయం టిఫిన్‌గా పెట్టే కిప్పర్ కూడా హెర్రింగే గానీ, దాన్ని చీల్చి తేలిగ్గా పొగబెడతారు. రెడ్ హెర్రింగ్ అయితే చీల్చకుండా, గట్టిగా, ఎక్కువకాలం నిల్వ ఉండేలా చేసేది. మన ఎండుచేపల మార్కెట్ పక్క నుంచి ఎప్పుడైనా నడిచినవాళ్లకు దాని వాసన గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇది పేదవాళ్ల తిండి. ఓడల్లో నెలల తరబడి పోయేవాళ్ల తిండి. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు మాంసం మానేసే లెంట్ రోజుల్లో అందరి తిండీ అదే. ఇంగ్లండ్ తూర్పు తీరంలో గ్రేట్ యార్మత్ అనే ఊరు ఈ చేప మీదే బతికింది. థామస్ నాష్ అనే రచయిత 1599లో ఆ ఊరినీ, రెడ్ హెర్రింగ్‌నీ పొగుడుతూ ఏకంగా ఒక పుస్తకమే అచ్చేశాడు. దాని వెనక ఇంకో కథ ఉంది. 1597లో అతను ఒక చెయ్యి వేసిన నాటకం మీద ప్రభుత్వం మండిపడి కొందరిని జైల్లో వేసింది. నాష్ లండన్ వదిలి పారిపోయి యార్మత్‌లో తలదాచుకున్నాడు. ఆ ఊరి రుణం చేపను పొగిడి తీర్చుకున్నాడన్నమాట.

ఇంగ్లీషులో రెడ్ హెర్రింగ్ పేరుతో ఇంకో పాత నానుడి ఉంది, అది చేపా కాదు, మాంసమూ కాదు, రెడ్ హెర్రింగ్ కూడా కాదు అని. 1546లో జాన్ హేవుడ్ వేసిన సామెతల పుస్తకంలోనే అది ఉంది. మన 'రెంటికీ చెడ్డ రేవడి'కి దగ్గరి మాట. చూడండి, ఇక్కడ ఎక్కడా మోసం లేదు, దృష్టి మళ్లించడం లేదు. వందల ఏళ్లపాటు రెడ్ హెర్రింగ్ అంటే తినే చేప, అంతే.

మరి కుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి?

నేను రాసిన కథ నేను పుట్టించింది కాదు, దానికీ ఒక వంశవృక్షం ఉంది. నికొలస్ కాక్స్ అనే ఆయన వేట గురించి రాసిన పుస్తకం ఒకటి 17వ శతాబ్దంలో బాగా అమ్ముడయ్యేది. దాని 1686 ముద్రణలో రెడ్ హెర్రింగ్ ప్రస్తావన ఉంది. ఈ పుస్తకం పేరు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులోకి ఉదాహరణగా ఎక్కింది. ఆ నిఘంటువులో ఉందంటే ఇంక ఎవరు అడుగుతారు? అక్కడి నుంచి మిగతా పుస్తకాలు, అక్కడి నుంచి పేపర్లు, అక్కడి నుంచి నెట్, నెట్ నుంచి నేను.

2008లో రాబర్ట్ స్కాట్ రాస్, జెరాల్డ్ కోహెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పాత పుస్తకాన్ని తెరిచి అసలు అందులో ఏముందో చదివారు. మైకేల్ క్వినియన్ అనే పద చరిత్రకారుడు ఆ సంగతి మామూలు పాఠకులకు అర్థమయ్యేలా రాశారు. తేలిందేంటంటే, ఆ భాగం కాక్స్ రాసిందే కాదు. జెరార్డ్ లాంగ్‌బెయిన్ అనే ఇంకొకాయన గుర్రాల గురించి రాసిన చిన్న పుస్తకాన్ని ఆ ముద్రణతో కలిపి బైండ్ చేశారు. పైగా అది కుక్కలకు నేర్పే పాఠం కాదు, గుర్రాలకు.

పద్ధతి ఇలా ఉంటుంది. వేటకు కొత్త గుర్రం కుక్కల అరుపులకూ, గోలకూ బెదురుతుంది. దాన్ని అలవాటు చెయ్యాలి. నిజమైన వేట లేని రోజున చచ్చిన పిల్లినో నక్కనో తాడుకు కట్టి కొన్ని మైళ్లు నేల మీద ఈడుస్తారు. కుక్కలు ఆ వాసన పట్టి పరుగెత్తుతాయి. వాటి వెనక గుర్రాన్ని తోలతారు. పిల్లి గానీ నక్క గానీ దొరకకపోతే? రెడ్ హెర్రింగ్ వాడుకోవచ్చు అన్నాడు లాంగ్‌బెయిన్. అంటే ఇక్కడ చేప ఉన్నది కుక్కలను దారి తప్పించడానికి కాదు, వాటికి దారి వెయ్యడానికి! నేను రాసినదానికి సరిగ్గా ఉల్టా.

పేజీ తీసి చదివితే తెలిసిపోయే విషయం ఇది. కానీ పుస్తకం పేరు ఒకరి నుంచి ఒకరు రాసుకుంటూ పోయారు, పేజీ మాత్రం తియ్యలేదు. పక్కదోవ అనే అర్థం ఉన్న మాటకు చెప్పుకునే పుట్టుక కథే వందేళ్లకు పైగా పండితులను పక్కదోవ పట్టించింది. నాకు కొంచెం ఊరట కలిగిన విషయం కూడా అదే, అబద్ధం ఎందుకు ఆడాలి.

కుక్క నిజంగా దారి తప్పుతుందా అన్నది కూడా ఒకసారి చేసి చూశారు. అమెరికా టీవీ కార్యక్రమం మిత్‌బస్టర్స్‌లో మనిషి వాసన పట్టే కుక్కను వదిలి, దారిలో చేప పెట్టారు. కుక్క ఆగింది. చేపను తినేసింది. కాసేపు వాసన తప్పింది, తర్వాత వెనక్కి వచ్చి మళ్లీ పట్టుకుంది. మనిషిని కనిపెట్టేసింది. కుక్క చేప తినేసి పనిలో పడింది, మేం కాలనీ మీటింగులో చాయ్ తాగేసి ఇంటికి వచ్చాం.

1807లో ఒక జర్నలిస్టు

మరి దృష్టి మళ్లించడం అనే అర్థం ఎవరి దగ్గర మొదలైంది? ఒక పత్రికాయన దగ్గర. విలియం కాబెట్. 1763లో సర్రీ ప్రాంతంలోని ఫార్నమ్‌లో రైతు ఇంట్లో పుట్టాడు. సైన్యంలో పనిచేశాడు, అమెరికా వెళ్లి వచ్చాడు, 1802లో 'పొలిటికల్ రిజిస్టర్' అనే వారపత్రిక పెట్టాడు. నోరు ఊరుకోని మనిషి. సైనికులను కొరడాలతో కొట్టించడాన్ని తప్పుపట్టినందుకు 1810లో రెండేళ్ల జైలు, వెయ్యి పౌండ్ల జరిమానా పడింది. న్యూగేట్ జైల్లో ఉండి కూడా పత్రిక ఆపలేదు.

జైలుకు మూడేళ్ల ముందు, 1807 ఫిబ్రవరి 14 నాటి సంచికలో ఆయన తోటి పత్రికలను ఏకిపారేశాడు. అప్పుడు నెపోలియన్‌తో యుద్ధం నడుస్తోంది. నెపోలియన్ ఓడిపోయాడని ఒక వార్త వచ్చింది. లండన్ పత్రికలన్నీ దాని వెంటపడ్డాయి. దేశంలో ఇంటి విషయాలు, జనం డబ్బుకు సంబంధించినవి, గట్టిగా అడగాల్సినవి, అన్నీ పక్కకు పోయాయి. తీరా చూస్తే ఆ వార్త తప్పు.

కాబెట్ దీన్ని చెప్పడానికి ఒక కథ ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు మా ఊళ్లో వేటకుక్కలు కుందేలు వెంట పోతుంటే, మేం పిల్లలం ఒక రెడ్ హెర్రింగ్‌ను తాడుకు కట్టి పొలాలకు అడ్డంగా లాగి కుక్కలను వేరే దారి పట్టించేవాళ్లం అన్నాడు. మన పత్రికలు కూడా అలాగే రాజకీయ రెడ్ హెర్రింగ్ వాసన పట్టుకుని పోయాయని ఎగతాళి చేశాడు. పరిశోధకులు దీన్ని కాబెట్ అప్పటికప్పుడు అల్లుకున్న కథగానే చూస్తున్నారు. అయితేనేం, జనానికి నచ్చింది. 1833లో అదే కథను ఆయన మళ్లీ, ఇంకొంచెం పెంచి చెప్పాడు. మధ్యలో 1816లో పత్రిక ధర రెండు పెన్నీలకు దించాడు. కూలీలు, చేతివృత్తుల వాళ్లు కూడా కొనేవాళ్లు, ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. మాట అలా పాకింది.

అంటే దొంగలు లేరు, పారిపోవడాలు లేవు. తప్పు వార్త వెంట పరుగెత్తిన విలేకరులను తిట్టడానికి ఒక విలేకరి వాడిన పోలిక ఇది. ఈ విషయం చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, నా వీపు మీద తట్టినట్టే అనిపించింది. వ్యూస్ ఎక్కువొచ్చే వార్త ఒకటి ట్రెండ్ అవుతుంటే మేం కూడా అన్నీ వదిలి దాని మీదే పడతాం. ఆ వారం వార్డులో డ్రైనేజీ పనుల బిల్లు గురించి వేసుకున్న ఫైల్ అలాగే ఉండిపోతుంది. ఎవరో పనిగట్టుకుని మమ్మల్ని మళ్లించారని కాదు. చాలాసార్లు చేపను మేమే లాక్కుంటూ పోతాం.

డిటెక్టివ్ కథల్లో అయితే ఇది కావాలి

ఒక్కచోట మాత్రం రెడ్ హెర్రింగ్ లేకపోతే పాఠకుడికి కోపం వస్తుంది. అపరాధ పరిశోధన నవలల్లో. మా నానా దగ్గర ఇబ్నే సఫీ 'జాసూసీ దునియా' పాత కాపీలు ఒక ట్రంకు నిండా ఉండేవి. తెలుగు ఇళ్లలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఎలాగో, ఉర్దూ ఇళ్లలో ఇబ్నే సఫీ కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ అలాగ. హంతకుడు ఎవరో మొదటి పేజీల్లోనే తెలిసిపోతే ఎవరు చదువుతారు? అందుకే అమాయకుడి మీద అనుమానం పడేలా ఒక వస్తువు, ఒక చూపు, అర్ధరాత్రి ఒక నడక పెడతారు. ఇంగ్లీషులో డొరతీ సేయర్స్ 1931లో రాసిన నవల పేరే 'ఫైవ్ రెడ్ హెర్రింగ్స్'. స్కాట్లాండులో ఒక చిత్రకారుడు చనిపోతాడు. అనుమానితులు ఆరుగురు, ఆరుగురూ చిత్రకారులే. ఒకడు హంతకుడు, మిగతా ఐదుగురు పేరులో ఉన్నదే. కోనన్ డాయిల్ 1902లో వచ్చిన 'హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'లో జైలు నుంచి తప్పించుకున్న ఖైదీ చేసే పనీ ఇదే. మనం వాడి వెనక తిరుగుతుంటాం, అసలువాడు వేరేచోట ఉంటాడు.

కథలో అది ఆట. ఆడుతున్నామని ఇద్దరికీ తెలుసు, చివరికి రచయిత లెక్క అప్పజెప్తాడు.

షేర్ మార్కెట్లో ఉన్నది ఇంకొకటి

ఇప్పుడు నేను తప్పు కథ చేర్చిన చోటుకు వద్దాం. బీకాంలో కంపెనీ లా చదివేటప్పుడు ఈ మాట మొదటిసారి విన్నాను. పరీక్షకు బట్టీ పట్టాను గానీ, పేరు ఎందుకలా ఉందో సార్ చెప్పలేదు, మేమూ అడగలేదు. డిక్షనరీలో 'తప్పుదోవ పట్టించేది' అని చూసి భయపడిన మిత్రుడు ఒకడున్నాడు. మోసం చేసే కాగితాన్ని చట్టమే ఎందుకు ఒప్పుకుంటుందని వాడి అనుమానం. ఈమధ్య ఐపీఓకు అప్లయ్ చేసిన ఒక ఆపా కూడా ఫోన్ చేసి అదే అడిగారు, పేరులోనే మోసం ఉంటే డబ్బు పెట్టాలా వద్దా అని.

ఆ భయం అక్కర్లేదు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 32 దీని గురించే. ఎన్ని షేర్లు, ఏ ధరకు అన్న పూర్తి వివరాలు లేకుండా, మిగతా సమాచారం అంతా ఉండే ప్రాస్పెక్టస్‌నే రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ అంటుంది చట్టం. ఎందుకు ధర ఉండదంటే, బుక్ బిల్డింగ్ పద్ధతిలో ధర ముందే తేలదు. ఒక ప్రైస్ బ్యాండ్ ఇస్తారు, ఉదాహరణకు 100 నుంచి 105 రూపాయలు అని. మనం బిడ్లు వేశాక, డిమాండ్ చూసి ధర ఖరారవుతుంది. ఇష్యూ తెరవడానికి కనీసం మూడు రోజుల ముందు దీన్ని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర ఫైల్ చెయ్యాలి. ఇష్యూ ముగిశాక ధరతో సహా పూర్తి ప్రాస్పెక్టస్ ఫైల్ చేస్తారు. రెండింటికీ మధ్య ఏమైనా తేడా ఉంటే దాన్ని చూపించాలని కూడా అదే సెక్షన్ చెప్తోంది. ఇందులో అబద్ధం రాస్తే మామూలు ప్రాస్పెక్టస్‌లో రాసినట్టే బాధ్యత ఉంటుంది.

పేరు అమెరికా నుంచి వచ్చింది. 1929 మార్కెట్ కుప్పకూలాక అక్కడ 1933లో సెక్యూరిటీస్ చట్టం తెచ్చారు. రిజిస్ట్రేషన్ ఇంకా అమల్లోకి రాకముందు పంచే ప్రాథమిక ప్రాస్పెక్టస్ అట్ట మీద, ఇది ఇంకా ఖరారు కాలేదు, దీన్ని అమ్మకంగా అనుకోవద్దు అనే హెచ్చరికను ఎర్ర సిరాతో వేసేవారు. ఆ ఎర్ర అక్షరాల వల్లే దానికి రెడ్ హెర్రింగ్ అనే ముద్దుపేరు పడిందని మార్కెట్ వాళ్లు చెప్తారు. అమెరికాలో అది వాడుక మాట. మన దేశంలో చట్టం పుస్తకంలోకే ఎక్కింది.

దీనికి ముందు సెబీ దగ్గర వేసే డ్రాఫ్ట్ కూడా ఒకటుంది, డీఆర్‌హెచ్‌పీ అంటారు. ఇక్కడ మాత్రం జాగ్రత్త. 'సెబీ ఓకే చేసింది, ఇంక భయం లేదు' అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతుంటారు. సెబీ ఆ డ్రాఫ్ట్ చూసి తన పరిశీలనలు చెప్తుంది. కంపెనీ మంచిదని సర్టిఫికెట్ ఇవ్వదు. ఆ మాట ప్రాస్పెక్టస్‌లోనే డిస్‌క్లెయిమర్‌గా రాసి ఉంటుంది. వందల పేజీల్లో మీరు చూడాల్సినవి రిస్క్ ఫ్యాక్టర్లు, వసూలు చేసిన డబ్బు దేనికి వాడతారు అన్నవి, కంపెనీ మీద ఉన్న కేసులు, గత మూడేళ్ల లెక్కలు. వాటిని వదిలేసి గ్రే మార్కెట్ ప్రీమియం ఎంత, ఎవరు యాడ్ చేశారు, ఎన్ని రెట్లు సబ్‌స్క్రైబ్ అయింది అని చూసుకుంటూ కూర్చుంటే, కాబెట్ చెప్పిన చేప అక్కడ ఉంటుంది. ప్రాస్పెక్టస్‌లో కాదు.

దీన్ని ఎక్కడ వాడకూడదు

ఈ మాట నేర్చుకున్నాక ఒక ప్రమాదం ఉంది. ఎదుటివాడు ఏం చెప్పినా 'అది రెడ్ హెర్రింగ్' అనేయడం. టీవీ చర్చల్లో రోజూ చూస్తున్నాం. మనకు ఇబ్బందిగా ఉన్న ప్రశ్నను కూడా అలా కొట్టిపారేయొచ్చు. అప్పుడు ఆ మాటే ఇంకో చేప అవుతుంది.

రిటైర్డ్ లెక్చరర్ గారు నాకు ఒక చిన్న పరీక్ష చెప్పారు. కొత్తగా తెచ్చిన విషయం పూర్తిగా నిజమే అనుకో. అనుకున్నాక, మొదటి ప్రశ్నకు జవాబు ఏమైనా మారుతుందా? మారితే అది సంబంధం ఉన్న విషయమే, వినాలి. మారకపోతే పక్కన పెట్టి, మొదటి ప్రశ్న మళ్లీ అడగాలి. అదే కాలనీ మీటింగులో, 'డబ్బు మొత్తం వసూలు కాలేదు, సగమే వచ్చింది, అందుకే రిపేరు ఆగింది' అని ఆ పెద్దమనిషి చెప్పి ఉంటే అది రెడ్ హెర్రింగ్ కాదు. జవాబే. అప్పుడు ఎవరు కట్టలేదన్నది కూడా లెక్కలో భాగమే అవుతుంది. మెయింటెనెన్స్ బాకీ అలాంటిది కాదు.

'మరి నువ్వు చెయ్యలేదా?' అని ఎదురు తిరగడం కూడా ఈ కుటుంబంలోదే, దానికి ఇంగ్లీషులో వేరే పేర్లున్నాయి. ఎదుటివాడు అనని మాటను అన్నట్టు చూపించి దాన్ని ఖండించడం మాత్రం వేరే. అందులో విషయం అదే ఉంటుంది, మాటే మారుతుంది. ఇందులో విషయమే మారిపోతుంది. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు.

పాత ఐపీఓ వార్తలో ఆ నాలుగు లైన్లు తీసేశాం. కింద సవరణ పెట్టాం. లింక్ పంపితే ఆయన చదివి వాయిస్ మెసేజ్ పెట్టారు. కథ సంగతి సరే గానీ, ఆ కాలనీ వాళ్ల బోరు మోటార్ లెక్క ఏమైంది బేటా అని. మా బంధువులకు ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ ఉందట.